బట్టల బాబాయ్ నేర్పిన మాట

సోమవారం పొద్దున ఆ గది తలుపు తీస్తే వచ్చే వాసనకి ఎవరైనా ముక్కు మూసుకోవాల్సిందే. పదహారు మంది ఆడి విడిచిన బట్టలు బుట్టల్లో మగ్గిన వాసన అది. బట్టల బాబాయ్‌కి మాత్రం ఆ వాసన తగిలితేనే తెల్లవారినట్టుండేది. ఆయన కిటికీ రెక్కలు బార్లా తోసి, బట్టలుతికే యంత్రాలు రెండింటికీ మధ్యనున్న ఖాళీలో నిలబడి కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. "కాళ్ళూ చేతులూ ఆడిస్తున్నావు, చేసుకోడానికి పనిచ్చావు, అదే పదివేలు తండ్రీ," అని దేవుడికి చెప్పుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ బట్టలుతకడం, బూట్లు శుభ్రం చేయడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. క్లబ్బు అధ్యక్షుడి దగ్గర్నుంచి గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి దాకా అందరికీ ఆయన బట్టల బాబాయే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

ముందు బుట్టలు కుమ్మరించి బట్టలు వేరు చేయాలి. జెర్సీలన్నీ లోపలివైపు తిప్పాలి, లేకపోతే వీపు మీది అంకెలు పెచ్చులూడిపోతాయి. గడ్డి మరక ఉన్నచోట ముందే సబ్బు రుద్ది ఒక పక్కన పెట్టాలి. మేజోళ్ళు జతలు కలిపి ముడెయ్యాలి. ఇన్నేళ్ళ చేతి అలవాటు కదా, ఏ బట్ట పట్టుకున్నా ఎవరు ఎంత ఆడారో ఆయన చేతికి తెలిసిపోయేది. ఆదివారం ఆటలో తమవాళ్ళు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఎడమ పక్కన ఆడే కుర్రాడి మేజోళ్ళు కొట్లోంచి తెచ్చినంత తెల్లగా ఉన్నాయి. "వీడు ఆడ్డానికి వెళ్ళాడా, పేరంటానికి వెళ్ళాడా," అనుకుని నవ్వుకున్నాడు బాబాయ్.

తొమ్మిదో నంబరు జెర్సీ చేతికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మెడ చుట్టూ, వీపు మీదా చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది. లాగు రెండు మోకాళ్ళ దగ్గరా మట్టి మెత్తినట్టుంది. మేజోళ్ళు మడమల దగ్గర చిల్లులు పడ్డాయి. మూడు ఆటలుగా ఇదే వరస. ఈ జెర్సీని యంత్రంలో రెండుసార్లు తిప్పితే గానీ ఉప్పు వదలడం లేదు.

పనిలో పనిగా బూట్లు ముందేసుకున్నాడు. మట్టి గీకి, తడి బూట్లలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కితే చెమ్మ లాగేస్తుంది. ఆరోజు పేపరు ఆటల పేజీ చింపబోయి ఆగాడు. పేజీ సగాన తొమ్మిదో నంబరు ఫొటో. బంతి కాళ్ళ ముందునుంచి దొర్లిపోతోంది. అతను రెండు అరచేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. పైన పెద్దక్షరాలు: 'చేతులెత్తేసిన తొమ్మిదో నంబరు'. కింద చిన్నక్షరాలు: 'విదేశీ తారలు మన లీగ్‌లో ఇమడగలరా?'

అతను సముద్రాలవతలి దేశంలో గోల్స్ మీద గోల్స్ కొట్టిన మనిషని, అక్కడ గోడల మీద అతని బొమ్మలుండేవని అందరూ చెప్పుకున్నారు. ఇక్కడికొచ్చి ఆరువారాలు. మూడు ఆటలు ఆడాడు, ఒక్క గోలూ లేదు. బాబాయ్ ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి అలమర కింద అరలో దాచి, వంటల పేజీ చింపి తొమ్మిదో నంబరు బూట్లలో కుక్కాడు.

చేతి తొడుగుల కోసం గోలీ వచ్చాడు. గోలు కాయడం కన్నా జోకులేయడంలోనే వాడికి పేరెక్కువ.

"బాబాయ్, నీ చుట్టం తొమ్మిదో నంబరు గారి సామాను సర్దిపెట్టు. ఈ ఆదివారం కూడా ఇలాగే ఆడితే విమానం ఎక్కించేస్తానన్నాడు అధ్యక్షుడు."

"ఎవరు చెప్పార్రా?"

"ఆయనే, మా అందరి ముందూ. ఇంకొక్క ఆట చూస్తాడట. పాపం అతనికి అర్థం కాలేదు, నవ్వుతూ తలూపాడు. తర్వాత దుబాసీ వచ్చి చెప్పాక మొహం వాడిపోయింది."

"మనసు పెట్టి ఆడట్లేదంటావా?"

"మనసు సంగతేమో గానీ, పొగరు మాత్రం పెట్టే ఆడుతున్నాడు. కెప్టెన్ చక్కగా బంతి అందిస్తాడా, దొరగారు ముట్టుకోరు. చేతులెత్తి పక్కకి తప్పుకుంటారు. మన బంతి మైలపడ్డదేమో మరి."

బాబాయ్ తిరగేసిన జెర్సీ మీది ఉప్పు చారలు గోలీకి చూపించాడు. వాడు వాసన చూసి, "అబ్బ," అని తొడుగులు తీసుకుని పారిపోయాడు.

*

మంగళవారం ప్రాక్టీసయ్యాక తొమ్మిదో నంబరే వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అతనికి ఆ గది అలవాటు. బోర్లించిన సబ్బు డబ్బా మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని, కనపడ్డ వస్తువునల్లా చూపించి పేరడిగేవాడు. బుట్ట, తాడు, సబ్బు, బొత్తం. చిన్న పుస్తకంలో తన లిపిలో రాసుకునేవాడు. దుబాసీ మొదటి నెల మాత్రమే రోజూ వచ్చాడు. ఇప్పుడు అధ్యక్షుడు పిలిస్తేనే వస్తున్నాడు.

ఆరోజు పుస్తకం తీయలేదు. చాలాసేపు యంత్రంలో తిరుగుతున్న బట్టలే చూశాడు.

"బాబాయ్," అన్నాడు చివరికి. "ఇక్కడ నేను... వద్దా?"

"అదేం మాట నాయనా?"

"నేను పరుగు. బంతి వస్తుంది. నా దగ్గర. అప్పుడు కెప్టెన్ 'వదులు, వదులు'. నేను వదులు." రెండు అరచేతులూ పైకెత్తాడు. "మళ్ళీ పరుగు. మళ్ళీ 'వదులు'. నా ఊళ్ళో అందరూ 'నీదే, నీదే' అంటారు. ఇక్కడ అందరూ 'వదులు'. మరి నన్ను ఎందుకు తెచ్చారు?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగాడు. బాబాయ్‌కి గుండె చెరువైంది. తోటి ఆటగాళ్ళే బంతి ముట్టుకోవద్దంటున్నారా? ఇంత అసూయా? పాపం, వచ్చినవాడు ఎవరితో చెప్పుకుంటాడు? లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యివేశాడు. సబ్బు నీళ్ళ చెయ్యి. అతని చొక్కా మీద అయిదు వేళ్ళూ తడిగా అచ్చుపడ్డాయి.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూచుని కూడా అదే మాట.

"మన పిల్లలే, నా చేతిమీద పెరిగినవాళ్ళే, ఇంత పని చేస్తారా?" అన్నాడు భార్యతో.

ఆవిడ కూర వడ్డిస్తూ, "మీరు విన్నారా?" అంది.

"ఏం వినడం?"

"ముట్టుకోవద్దని వాళ్ళనడం."

"ఆట జరిగేటప్పుడు నేనెక్కడ వింటాను? తువ్వాళ్ళు పరుచుకుంటూ లోపలుంటాను కదా."

"మరైతే వినకుండానే తీర్పు చెప్పేశారే. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ మేజోళ్ళే చూస్తున్నారు. ఒక్కపూట మొహాలు కూడా చూడండి." పెరుగు గిన్నె ముందుకి జరిపి, "పెరుగేసుకోండి, ఆలోచిస్తూ ఉత్త మెతుకులు తింటున్నారు," అంది.

*

బుధవారం ప్రాక్టీసు చొక్కాల బుట్ట తనే మోసుకుని బాబాయ్ మైదానానికి వెళ్ళాడు. బుట్ట దింపినవాడు దింపినట్టే గీత అవతల నిలబడ్డాడు. చేతిలో పని లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

కెప్టెన్ మధ్యలోంచి బంతులు అందిస్తున్నాడు. కుడిపక్కవాడి కాలికి బంతి చేరగానే, "వదులు," అని అరిచాడు. వాడు ఠపీమని గోల్లోకి కొట్టాడు. తర్వాతివాడు. "వదులు." వాడూ కొట్టాడు, బంతి పైకెళ్ళిపోయింది. ఎప్పుడో పనిచేసిన ఒక పాత కోచ్ అలవాటు చేసిన మాట అది. బాణం వదిలినట్టు బంతి వదలాలిరా అనేవాడాయన. మిగతా జట్లలో కొట్టమంటారు, ఈ క్లబ్బులో వదలమంటారు. ఆ సంగతి బాబాయ్‌కి తెలుసు. తెలిసీ ఎన్నడూ ఆలోచించలేదు.

తొమ్మిదో నంబరు వంతొచ్చింది. బంతి సరిగ్గా అతని కుడికాలి ముందుకొచ్చింది. కాలు వెనక్కి లేచింది కూడా.

"వదులు," అని అరిచాడు కెప్టెన్.

లేచిన కాలు గాల్లోనే ఆగింది. అతను రెండు అరచేతులూ పైకెత్తి, ఒక అడుగు పక్కకేశాడు. బంతి దొర్లుకుంటూ గీత దాటిపోయింది. కోచ్ ఈల నేలకేసి కొట్టాడు. కెప్టెన్ నడుం మీద చేతులేసుకుని ఆకాశంకేసి చూశాడు.

బాబాయ్ చేతిలో తువ్వాలు కింద పడింది.

ఆ అరచేతులు తనవి. అలా ఎత్తి చూపించింది తనే. అతనొచ్చిన మొదటి రోజు, తడిబట్టల బుట్ట తను ఎత్తలేక ఎత్తుతుంటే, అంత పెద్ద ఆటగాడు వంగి బుట్ట రెండో పిడి పట్టుకున్నాడు. "అయ్యో, వదులు నాయనా, వదులు, నేను చూసుకుంటా," అన్నాడు తను. అర్థం కాక అతను ఇంకా గట్టిగా పట్టుకుంటే, రెండు చేతులూ పైకెత్తి, ఇలా తీసెయ్యమని చూపించాడు. "వదులు?" అని అతను చేతులెత్తాడు. "అదీ, బంగారంలా నేర్చుకున్నావు," అన్నాడు తను. ఈ దేశంలో అతను నేర్చుకున్న మొదటి మాట. పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాడు.

బాబాయ్ పక్కనున్న బుట్ట మీద కూచుండిపోయాడు. ప్రేమకొద్దీ అన్న మాటే. చెడు తలచి అన్నది కాదు. అయినా దాని మూలంగా ఒక మనిషి మూడు ఆటలుగా వేలమంది చేత తిట్లు తింటున్నాడు. మంచి మనసుతో అన్న మాట కూడా ఇలా తిరగబడుతుందా తండ్రీ అని లోపల్లోపల అడిగాడు.

గదికి తిరిగొచ్చి ఇస్త్రీ ముందేసుకున్నాడు. తొమ్మిదో నంబరుకి చాటుగా చెప్పేస్తే సరిపోతుంది. మూడో కంటికి తెలియకుండా తన తప్పు తనలోనే ఉండిపోతుంది. కానీ మూడు ఆటల నింద ఎవరు కడుగుతారు? ఆకాశంకేసి చూసిన కెప్టెన్‌కి, ఈల నేలకేసి కొట్టిన కోచ్‌కి సంగతి తెలియకపోతే, ఆదివారం అతని కాలికి బంతి అందించేదెవరు? పోనీ కోచ్‌కి చెబుదామంటే ఆయన ముక్కోపి. కిందటేడు ఆటగాళ్ళ కాళ్ళకి మర్దన చేసే మనిషి ఆట గురించి ఏదో సలహా చెప్పబోయాడు. వారం తిరక్కుండా వాడి చోట్లో కొత్త మనిషొచ్చాడు. బట్టల గదివాడు ఆట మాట్లాడితే ఊరుకుంటాడా? ఈ వయసులో ఇంకో చోట ఎవరు పనిస్తారు?

అలా ఆలోచిస్తూ ఒకే జెర్సీని మూడుసార్లు ఇస్త్రీ చేశాడు.

*

గురువారం పొద్దున దేవుడికి చెప్పుకోవలసిన మాట ఆయనకి దొరకలేదు. ఊరికే కళ్ళు మూసుకుని నిలబడి, నేరుగా కోచ్ గదికి వెళ్ళిపోయాడు. చొక్కా చేతులు మడిచే ఉన్నాయని తలుపు తట్టాక గుర్తొచ్చి, గబగబా విప్పుకుని బొత్తాలు పెట్టుకున్నాడు.

"ఏం బాబాయ్, సబ్బు అయిపోయిందా?" అన్నాడు కోచ్ తలెత్తకుండా.

"సబ్బు కాదండీ. తొమ్మిదో నంబరు గురించి."

కోచ్ తలెత్తాడు. బాబాయ్ మొత్తం చెప్పేశాడు. బుట్ట సంగతి, చేతులెత్తి చూపించడం, నిన్న మైదానంలో చూసింది. చెబుతున్నంతసేపూ గోడమీది గడియారంకేసే చూశాడు.

"వదులంటే కొట్టమని తెలియకుండా ఆరువారాలుగా ఆడుతున్నాడా? కాకమ్మ కథలు చెప్పకు," అన్నాడు కోచ్.

"పిలిచి చూడండి సార్. నేను అబద్ధమాడితే రేపట్నుంచి గదికి రాను."

కోచ్ పిలిపించాడు. తొమ్మిదో నంబరు వచ్చాడు, వెనకే కెప్టెన్. తనని పంపించేయడానికే పిలిచారనుకున్నాడేమో, తొమ్మిదో నంబరు నిటారుగా నిలబడ్డాడు. కోచ్ బల్ల కిందినుంచి ఒక బంతి తీసి అతని కాళ్ళ ముందు పెట్టాడు. ఎదురుగోడ ఖాళీగా ఉంది. ఆ గోడకేసి చెయ్యి చూపించి, "వదులు," అన్నాడు.

అతను గోడనీ బంతినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత రెండు అరచేతులూ మెల్లిగా పైకెత్తి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

కోచ్ కుర్చీలో కూచున్నాడు. కెప్టెన్ మాత్రం, "వదులంటే కొట్టమని కదా, ఎవడికి తెలీదు?" అన్నాడు.

"ఇతనికి తెలీదు," అన్నాడు కోచ్.

కెప్టెన్ మొహంలో రంగు మారింది. "నేనందిస్తే ముట్టుకోడేమిట్రా, నేనంటే అంత చులకనా అనుకున్నా," అన్నాడు నెమ్మదిగా. తర్వాత తొమ్మిదో నంబరు ముందుకొచ్చి, ఎడమచెయ్యి చాచి, కుడిచేత్తో లేని వింటినారి చెవిదాకా లాగి, "వదులు," అని వేళ్ళు విప్పాడు. మళ్ళీ బంతిని గోడకేసి కొట్టి, "వదులు," అన్నాడు. మూడోసారి అక్కర్లేకపోయింది.

తొమ్మిదో నంబరు బాబాయ్‌కేసి చూశాడు. బాబాయ్ చేతులు జోడించాడు. "నాదే తప్పు నాయనా. ఒక మాటకి రెండర్థాలుంటాయి. నేను ఒకటే చెప్పాను."

అతనికి ఎంత అర్థమైందో గానీ, "అయితే," అన్నాడు వేళ్ళతో కళ్ళు ఒత్తుకుంటూ. "అయితే నన్ను వద్దనలేదా? అందరూ... కొట్టు, కొట్టు, అన్నారా? మూడు ఆటలు?"

"గొంతులు చించుకుని అన్నాం," అన్నాడు కెప్టెన్.

తొమ్మిదో నంబరు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ గోడకి ఆనుకున్నాడు. కెప్టెన్ కూడా నవ్వబోయి, కోచ్ మొహం చూసి ఆగాడు.

బాబాయ్ ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. "నన్ను ఏం చేసినా సరే సార్. అతన్ని మాత్రం ఈ తప్పుకి పంపించకండి."

కోచ్ చాలాసేపు బల్లమీది కాగితాలు సర్దాడు. సర్దడానికి అక్కడ రెండే కాగితాలున్నాయి.

"నువ్వు ఒక మాట నేర్పావు బాబాయ్," అన్నాడు చివరికి. "మేం అదీ నేర్పలేదు. వీడు ఇక్కడ ఇమడగలడా అని పేపర్లవాళ్ళడుగుతున్నారు, అధ్యక్షుడు అడుగుతున్నాడు, నేనూ అడుగుతున్నాను. నీకేం అర్థమైందిరా అని మాత్రం ఒక్కళ్ళమూ అడగలేదు." లేచి బాబాయ్ జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించాడు. "వెళ్ళు. బట్టలు నానుతుంటాయి."

*

శుక్రవారం కోచ్ కొత్త చట్టం పెట్టాడు. ఇకనుంచి ఎవడూ 'వదులు' అనకూడదు, 'కొట్టు' అనాలి. అలవాటు పడాల్సింది అతనొక్కడే ఏమిటి, ఒక్క మాట మనం మార్చుకోలేమా అన్నాడు. నోరు జారినవాడు మైదానం చుట్టూ ఒక చుట్టు పరిగెత్తాలి.

బాబాయ్ ఆరోజు కూడా తువ్వాళ్ళ వంకతో గీత దగ్గరే నిలబడ్డాడు.

మొదటి పావుగంటలో కెప్టెన్ నాలుగు చుట్లు తిరిగాడు. అయిదోసారి నాలుక సగంలో పట్టుకుని, "వదు... కొట్టు," అన్నాడు.

"వదుకొట్టు ఏ దేశపు మాట్రా?" అని అరిచాడు గోలీ అటునుంచి. "దుబాసీని పిలిపించండి సార్, కెప్టెన్‌కి కావాలి."

ఆ నవ్వుల్లో గోలీయే నోరు జారి ఒక చుట్టు తిరిగాడు. పొద్దెక్కేసరికి ఎడమపక్క కుర్రాడి తెల్ల మేజోళ్ళు కూడా మట్టికొట్టుకుపోయాయి. చుట్టు తిరగని వాడు మొత్తం జట్టులో ఒక్కడే, తొమ్మిదో నంబరు. అతనికి తప్పు మాట రానేరాదు. పైగా ఎవరు ఏ మాటన్నా ఇప్పుడతనికి తెలిసిపోతోంది. కెప్టెన్ పొరపాటున పాత మాటన్నా బంతిని కొడుతున్నాడు. కొట్టి, వేలెత్తి, "చుట్టు," అంటున్నాడు.

"ఈ మాట ఎవడు నేర్పాడ్రా వీడికి?" అన్నాడు కెప్టెన్ రొప్పుతూ పరిగెడుతూ. అందరూ బాబాయ్‌కేసి చూశారు.

"నేను కాదు నాయనా, నాకొద్దు," అన్నాడు బాబాయ్ రెండు చేతులూ ఊపుతూ. చాలా ఏళ్ళ తర్వాత ఆయన మైదానంలో నిలబడి పైకి నవ్వాడు.

*

ఆదివారం సగం ఆట అయ్యేదాకా బాబాయ్ లోపలే ఉన్నాడు. తువ్వాళ్ళు పరిచాడు, నీళ్ళ సీసాలు వరసపెట్టాడు, గోడవతల జనం హోరునిబట్టి ఆట ఊహించుకున్నాడు. గోల్స్ లేవు. విరామంలో కోచ్ అందర్నీ పంపించేస్తూ, "నువ్వు కూడా రా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో అలా పిలిచిన కోచ్ ఈయనొక్కడే. బాబాయ్ బల్ల చివర, వెన్ను ఆన్చకుండా కూచున్నాడు. పైన గ్యాలరీలో అధ్యక్షుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కనిపించాడు.

తొమ్మిదో నంబరు బంతి అందుకున్నప్పుడల్లా జనంలోంచి కొందరు ఎగతాళిగా చేతులెత్తి చూపిస్తున్నారు. అతను రెండుసార్లు గోలుకేసి కొట్టాడు. ఒకటి అవతలి గోలీ చేతికి చిక్కింది, ఇంకోటి స్తంభానికి తగిలింది. స్తంభం మోగిన చప్పుడుకి బాబాయ్, పక్కనున్న కోచ్ మోకాలు గట్టిగా పట్టుకుని, ఎవరి మోకాలో తెలిశాక వదిలాడు.

ఇంకో అయిదు నిమిషాలే ఉన్నాయి. కెప్టెన్ మధ్యలోంచి దూసుకొచ్చి, ఇద్దర్ని తప్పించి, బంతిని గోలు ముందుకి నెట్టాడు. ఎదురుగా తొమ్మిదో నంబరు. అతని మీదికి ముగ్గురు ఎగబడ్డారు. ఆ ఊపులో కెప్టెన్‌కి చట్టం గుర్తుంటుందా?

"వదులు," అని అరిచాడు.

తొమ్మిదో నంబరు కాలు వెనక్కి లేచింది. ముగ్గురూ ఆ కాలికడ్డంగా పడ్డారు, అవతలి గోలీ అటే దూకాడు. సరిగ్గా అప్పుడు అతను రెండు అరచేతులూ పైకెత్తాడు. కాలు కిందికి దించి ఒక అడుగు పక్కకేశాడు. బంతి అతని ముందునుంచి దొర్లిపోయింది. జనం ఒక్కసారి గొల్లుమన్నారు. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి కోచ్ లేచి నిలబడి ఉన్నాడు. గొల్లుమన్న జనమే ఇప్పుడు కేకలు పెడుతున్నారు. తొమ్మిదో నంబరు వెనకనుంచి అవతలివాళ్ళెవరి కంటా పడకుండా వచ్చిన ఎడమపక్క కుర్రాడు ఖాళీ గోల్లోకి బంతి నెట్టి, మోకాళ్ళమీద జారుకుంటూ మూలకి పోతున్నాడు. వాడి మేజోళ్ళు ఇంక పనికిరావు.

ఆట అయిపోయింది. ఒక్క గోలుతో గెలిచారు. లోపల గదిలో అందరి అరుపుల మధ్య తడి తువ్వాలొకటి తొమ్మిదో నంబరు మెడ చుట్టూ వేస్తూ బాబాయ్ అడిగాడు. "నాయనా, కెప్టెన్ వదులన్నాడు కదా. కొట్టమనేగా అర్థం?"

అతను ఊపిరి తీసుకుంటూ మాటలు వెతుక్కున్నాడు. "కెప్టెన్ మాట, కొట్టు. బాబాయ్ మాట, చెయ్యి తియ్యి. వెనక మన మనిషి ఉన్నాడు, చూశా. అందుకని," అని రెండు అరచేతులూ తెరిచి చూపించాడు, "బాబాయ్ మాట విన్నా."

అధ్యక్షుడు తలుపు దగ్గర నిలబడి ఈ సీజను మొత్తం అతను ఉంటాడని కోచ్‌తో చెప్పి వెళ్ళాడు. తర్వాత సంగతి తర్వాత అన్నాడు. దుబాసీ అవసరం లేకుండానే తొమ్మిదో నంబరుకి ఆ మాట అర్థమైంది.

*

సోమవారం పేపర్లో 'ఎట్టకేలకు ఇమిడిన విదేశీ తార' అని రాశారు. కెప్టెన్ దాన్ని పట్టుకొచ్చి బట్టల గదిలో అందరికీ చదివి వినిపించాడు.

"పదహారు చుట్లు తిరిగింది నేను, ఇమిడింది వీడట," అన్నాడు.

సబ్బు డబ్బా మీద కూచున్న తొమ్మిదో నంబరు నవ్వాడు. వాళ్ళు వెళ్ళిపోయాక బాబాయ్ చేతిలో పని ఆపి అతని ముందుకొచ్చాడు.

"నీ మాటల్లో ఒకటి నాక్కావాలి నాయనా. దణ్ణం పెట్టి, నీ మేలు మరిచిపోను అంటాం చూడు, దాన్ని మీరేమంటారు?"

అది మూడు ముక్కల మాట. అతను నెమ్మదిగా పలికాడు. బాబాయ్ దాన్ని అప్పజెప్పాడు. అతను తలడ్డంగా ఊపి మళ్ళీ పలికాడు. బాబాయ్ నాలుక మధ్య ముక్క దగ్గర మడతపడింది. ఏమర్థమొచ్చిందో ఏమో, తొమ్మిదో నంబరు కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఎంతడిగినా ఆ అర్థం చెప్పలేదు. "మంచిదే, బాబాయ్, మంచిదే," అని మాత్రం అన్నాడు. బాబాయ్ సబ్బు అట్టపెట్టె చింపి, దాని మీద ఆ మాట తనకు వినపడ్డట్టే రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున స్నానం చేసి, ఇంట్లో దేవుడి ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకుంటే చెప్పుకోవలసినవి ఒకదానిమీదొకటి వచ్చిపడ్డాయి. పని నిలబడింది. మనిషి నిలబడ్డాడు. చేతులు జోడిస్తే పట్టుకుని దించినవాడొకడు, మోసిన నిందకి నవ్వి ఊరుకున్నవాడొకడు. ఎన్నాళ్ళుగానో అంటున్న 'అదే పదివేలు' ఆరోజు చాలదనిపించింది. పెదవులు వాటంతటవే కదిలి, ఆ మూడు ముక్కలూ పలికాయి. మధ్య ముక్క మళ్ళీ మడతపడింది.

పూలు సర్దుతున్న భార్య తలతిప్పింది. "ఏమిటండీ ఆ మంత్రం?"

"తొమ్మిదో నంబరు వాళ్ళ భాషలో, నీ మేలు మరిచిపోనని."

"సరిగ్గానే అన్నారా?"

"లేదే. నిన్న వింటే నవ్వాడు."

"మరి తప్పుగా ఎందుకండీ, దేవుడి దగ్గర?"

బాబాయ్ దేవుడి పటంకేసి చూశాడు. "నవ్వితే నవ్వనీ," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.